ఇంటిలోని మొక్కలు – తగిన కుండీలు

1992లో కోరాపుట్ నుండి విడివడిన రాయగడ జిల్లాలో కాశీపూర్ ఒక కొండప్రాంతం. వానకాలంలో గాలిలో తేమ అధికమై కుండీలోని మన్ను త్వరగా ఆరదు. కనుక గృహాలంకరణలో మొక్కతోపాటు కుండీ ఎంపికా ముఖ్యమే.

కుమ్మరి చేసిన మట్టికుండీ గోడల సూక్ష్మరంధ్రాల గుండా తేమ ఆవిరవుతుంది. వేళ్లకు గాలి అందుతుంది. కలబంద వంటి మొక్కలకు ఇది శ్రేష్ఠం. పింగాణీ, ప్లాస్టిక్ కుండీలలో తేమ నిలుస్తుంది. అవి ఫెర్న్ మొక్కలకు అనుకూలం. ఏ కుండీకైనా అడుగున రంధ్రం తప్పనిసరి. పాత ఇత్తడి గంగాళాన్ని ఉపయోగించదలచినవారు దానికి రంధ్రం చేయనవసరం లేదు. మొక్కను చిన్న కుండీలో నాటి అందులో అమర్చవచ్చు. తులసికి ఎండ అవసరం. గది మూలలో అది క్షీణిస్తుంది.

మనీప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకులను నమిలితే నోరు మండి వాస్తుంది; వాటిని పసిపిల్లలకు అందనిచోట ఉంచాలి.

కుండీ క్రింది పళ్లెంలో నిలిచిన నీరు మరింత ప్రమాదకరం. డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే దోమ అటువంటి నీటి అంచులనే గ్రుడ్లు పెడుతుంది. నీటిని పారబోసినంతమాత్రాన గ్రుడ్లు పోవు. వారానికొకసారి పళ్లేన్ని, మనీప్లాంట్ సీసాను తోమి ఆరబెట్టాలి. ఇంటికి శోభనిచ్చే మొక్క రోగానికి నెలవు కారాదు.