మానవ వర్గీకరణ – ఆదిలాబాద్ గోండులు

జీవశాస్త్రం లెక్కలో నేటి మనుషులందరిదీ ఒకే జాతి: హోమో సేపియన్స్. జంతురాజ్యంలో సకశేరుకాలు, వాటిలో క్షీరదాలు, వాటిలో ప్రైమేట్లు, ఆపైన హోమినిడే కుటుంబం, హోమో ప్రజాతి. తెలుగులో ‘జాతి’ అన్న మాటతోనే చిక్కు. పాఠ్యపుస్తకంలో అది జీవుల వర్గీకరణలో చివరి మెట్టు. వాడుకలో కులానికీ, తెగకూ, దేశానికీ కూడా అదే మాట. శాస్త్రవేత్తలూ చాలాకాలం ఈ రెంటినీ కలగలిపారు. ఆ పొరపాటు ఆదిలాబాద్ అడవుల దాకా వచ్చింది.

స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ 1735లోనే మనిషిని కోతుల సరసన చేర్చాడు. హోమో సేపియన్స్ అన్న పేరు 1758లో పెట్టాడు. అదే గ్రంథంలో మనుషుల్ని ఖండాల వారీగా, ఒంటి రంగుతో, స్వభావంతో నాలుగు రకాలు చేసి, మంచి గుణాలన్నీ ఐరోపావాళ్లకు రాసిపెట్టాడు. తర్వాతివాళ్లు పట్టుకున్నది ఈ రెండో పనినే.

మన దేశంలో 1901 జనాభా లెక్కల అధికారి రిస్లే కొలపరికరం పట్టి ముక్కులు కొలిపించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటితో హెచ్చవేస్తే వచ్చేది నాసికా సూచిక. 85 దాటితే చప్పిడి ముక్కు, 70 లోపు కోటేరు ముక్కు. సూచిక పెరిగేకొద్దీ సంఘంలో అంతస్తు తగ్గుతుందన్నది ఆయన సిద్ధాంతం. మద్రాసు, హైదరాబాద్ సంస్థానం, సెంట్రల్ ప్రావిన్సెస్ జనాన్ని ‘ద్రావిడ రకం’లో వేశాడు. 1926–29 మధ్య దేశం తిరిగిన జర్మన్ పండితుడు ఐక్‌స్టెట్ ఇంకో అడుగు ముందుకేసి ఒక రకానికి ‘గోండిడ్’ అనే పేరు పెట్టాడు. ఒక తెగ పేరు ఇలా శరీర నమూనా అయిపోయింది.

నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కొమరం భీం జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మర్లవాయిలో ఉండి గోండుల మధ్య పనిచేశాడు. 1948లో అచ్చయిన ఆయన పుస్తకంలో గోండులు తమను తాము వర్గీకరించుకునే తీరు కనిపిస్తుంది. అందులో ముక్కుకూ రంగుకూ చోటు లేదు. నాలుగన్నల సగా, అయిదన్నల సగా, ఆరన్నల సగా, ఏడన్నల సగా: ఇవే విభాగాలు. ఒకే సగావాళ్లు అన్నదమ్ములు, కాబట్టి వాళ్లలో పెళ్లి సంబంధాలు కలవవు. ఆ అంకెలు గోండిలో నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, ఏరుంగ్. తెలుగువాడికి వీటిలో తన అంకెలు వినిపిస్తాయి. రెండూ ఒకే ద్రావిడ శాఖకు చెందిన భాషలు మరి.

మనుషుల మధ్య జన్యుభేదాల్లో 85 శాతం దాకా ఒక్కో సమూహం లోపలే ఉంటాయని జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ 1972లో లెక్కగట్టాడు. దాంతో రిస్లే, ఐక్‌స్టెట్ నమూనాల కింద నేల కదిలింది. ‘హోమో సేపియన్స్ సేపియన్స్’ అన్న ఉపజాతి పేరు కూడా ఇప్పుడు అరుదుగానే వాడుతున్నారు. దేశంలోని ఎక్కువ సమూహాలు రెండు ప్రాచీన వంశధారల కలయిక అని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ పరిశోధకులు 2009లో కలిసి చెప్పారు.

గోండుల మీదే జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. నాలుగు వేర్వేరు ప్రాంతాల గోండుల జన్యువుల్ని చూస్తే, భాషలో చుట్టాలైన ద్రావిడ సమూహాల కన్నా ముండా భాషలు మాట్లాడే ఆదివాసులతోనే ఎక్కువ వంశవారసత్వం పంచుకుంటున్నట్టు తేలింది.