బీల, బొగ్గు, మాచ్‌ఖండ్

సోంపేట బీల గట్టు మీద నిలబడితే నాకు నీళ్ళకంటే ముందు ఒక తేదీ గుర్తొస్తుంది: 2010 జూలై 14. బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన రోజు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ దాని అనుమతి రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు.

మరి బొగ్గు లేకుండా కరెంటెలా అంటారా? మాచ్‌ఖండ్ జలవిద్యుత్తుని ఒడిశాతో 1955 నుంచీ పంచుకుంటూనే ఉన్నాం కదా. ఇరుగుపొరుగు పొత్తు కొత్తేమీ కాదు. కాకపోతే వాటాలు రాష్ట్రాలవి. జలాపుట్ జలాశయంలో మునిగిన ఊళ్ళు ఎక్కువగా ఆదివాసులవి. రేపు సోలార్ వచ్చినా, గాలిమరలు వచ్చినా, ముందుగా ఆ ఊరివాళ్ళని అడిగారా అన్నదే నా ప్రశ్న.