కొమ్మువెండి నుండి ఛాయాచిత్రం వరకు

తెలంగాణ పల్లెల నుండి బ్రతుకుతెరువుకై భివండీ మరమగ్గాల పట్టణానికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలలో పాత నలుపు తెలుపు ఫోటోలు నేటికీ కనిపిస్తాయి. ఒకటి పెండ్లినాటిది, మరొకటి బడిలో తరగతి పిల్లలందరూ కలిసి దిగినది. ఆ బొమ్మలలోని నలుపు సిరా కాదు, వెండి. ఆ వెండి కథకు మూలం భూగర్భంలో ఉన్నది.

వెండి ప్రకృతిలో ఎక్కువగా గంధకంతో కూడిన ఖనిజాలలో లభిస్తుంది. గాలి, వాననీరు సోకే పైపొరలలో ఆ ఖనిజాలు శిథిలమై, వెండి నీటిలో కరుగుతుంది. నేలలోని ఉప్పునీటిలో ఉండే క్లోరైడు దానికి తోడైనప్పుడు, నీటిలో దాదాపు కరగని సిల్వర్ క్లోరైడు పేరుకొంటుంది. దీనినే క్లోరార్జిరైట్ అంటారు. క్లోరిన్ స్థానంలో బ్రోమిన్ ఉన్నచో బ్రోమార్జిరైట్, అయొడిన్ ఉన్నచో అయొడార్జిరైట్ అవుతాయి. వర్షాభావ ప్రాంతాలు వీటికి అనుకూలం. 1832లో బయటపడిన చిలీ దేశపు చన్యార్సియో గనులు, 1880 దశకంలో వెలసిన ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనులు వీటికి ప్రసిద్ధి.

క్లోరార్జిరైట్ బరువులో నూటికి 75 పాళ్లు వెండియే. అయినను అది మైనంవలె మెత్తనిది, కత్తికి తెగుతుంది. పశువుల కొమ్మును పోలిన మెరుపు వలన దానికి కొమ్మువెండి అని పేరు వచ్చింది. వెలుగు సోకినచో అది ఊదా రంగుకు తిరిగి క్రమంగా నల్లబడుతుంది. ఆ నలుపు విడివడిన వెండియేనని 1777లో స్వీడన్ రసాయనవేత్త షీలే నిరూపించాడు.

ఈ గుణమే ఛాయాచిత్రకళకు పునాది. 1839లో ఇంగ్లండులో టాల్బట్ తన కాగితపు చిత్రాలను ప్రకటించాడు. 1871లో మాడక్స్ సిల్వర్ బ్రోమైడును జెలటిన్‌లో కలిపి గాజు పలకపై పూసే పద్ధతిని తెలిపాడు. ఇందుకు వాడినవి గనిలోని రాళ్లు కావు, వెండి నుండి తయారుచేసిన అవే లవణాలు.

హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు. ఆయన గాజు నెగటివ్‌లు వేలాదిగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఇండ్లలోని ఫోటోలకు అంతటి రక్షణ లేదు. వానాకాలపు తేమకు జెలటిన్ బూజుపట్టి ఫ్రేము అద్దానికి అతుక్కుంటుంది. గాలిలోని గంధకపు వాయువులకు వెండి పసుపు తిరిగి వెలిసిపోతుంది. పొడిచోట, చీకటిలో, మంచి కాగితంలో చుట్టి ఉంచినచో అవి తరాలపాటు నిలుస్తాయి. రాత్రింబవళ్లు మగ్గం ముందు నిలిచిన తొలితరానికి తమ చరిత్రను వ్రాసికొనే తీరిక చిక్కలేదు. వారి ముఖాలను దాచి ఉంచినది ఈ పిడికెడు వెండియే. దానిని కాపాడుకొనుట వారి సంతతి వంతు.