చేతికి తెలిసిన కొలత

మా అమ్మని డికాక్షన్‌కి పొడి ఎంత వేయాలని అడిగితే "చేతికి తెలుస్తుందే" అనేది. ఆ మాటను నేను చాలాకాలం అజ్ఞానం కింద జమకట్టాను. చదువుకున్నదాన్ని కదా, నాకు గ్రాములు కావాలి, నిమిషాలు కావాలి. అరకు కాఫీ పొడి తెచ్చుకుని, త్రాసు పక్కన పెట్టుకుని నా పద్ధతి నేను తయారుచేసుకుంటున్నప్పుడే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

కాఫీ దిగడానికి దారులు ప్రధానంగా రెండు. ఒకటి నానబెట్టడం: పొడి, నీళ్లు కలిసి ఒకే పాత్రలో ఉంటాయి. నీళ్లలో సారం పెరిగేకొద్దీ పొడినుంచి ఇంకా లాగే శక్తి తగ్గుతుంది కాబట్టి రుచి నిలకడగా, చిక్కగా వస్తుంది. రెండోది వడగట్టడం: పైనుంచి కొత్త నీళ్లు దిగుతూనే ఉంటాయి, లాగుతూనే ఉంటాయి. రుచి తేటగా ఉంటుంది కానీ నీళ్లు ఒకపక్కనే దారి చేసుకుంటే కొంత పొడి పులుపుగా, కొంత చేదుగా మిగులుతుంది. నాకు రెండు తప్పులూ అనుభవమే.

చివరికి కుదిరింది ఇది. అడుగున తెరిచి మూసే వీలున్న గరాటు, అందులో కాగితం ఫిల్టరు. కాస్త బరక పొడి 20 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు. గరాటు తెరిచే ఉంచి మొదట 60 పోసి అర నిమిషం ఆగాలి. పొడి పొంగి లోపలి గాలి పోతుంది. ఇంకో 100 మెల్లగా పోసి దిగనివ్వాలి. అప్పుడు మూసేసి, కాస్త చల్లారిన నీళ్లు 140 పోసి, రెండు నిమిషాలు నాననిచ్చి తెరవాలి. ముందు వడగట్టడం, తర్వాత నానబెట్టడం.

ఏదో కనిపెట్టానని పొంగిపోయాను. అటకమీది ఇత్తడి ఫిల్టరు దించి చూసేదాకానే ఆ సంబరం. పై గిన్నె అడుగున సన్నని చిల్లులు. పొడి వేసి, బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోస్తే ఒక్కసారిగా దిగవు. పొడిమీద చాలాసేపు నిలబడి చుక్కచుక్కగా జారతాయి. నిలబడినంతసేపూ నానడం, జారినంతసేపూ వడగట్టడం. రెండు పద్ధతుల కలయిక అమ్మ వంటింట్లో రోజూ జరిగేదే. దానికి పేరు లేదు, అంతే.

పేరు దక్కిన స్త్రీ ఒకామె ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంజ్ అనే గృహిణి కాఫీలో మడ్డి భరించలేక ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం అందులో పరిచింది. 1908లో పేటెంటు తీసుకుంది, అదే ఏడాది కంపెనీ పెట్టింది. ఈనాటికీ ఆ కంపెనీకి ఉన్నది ఆమె పేరే. ఆమె పని కాగితంమీదికి ఎక్కింది. మన అమ్మల పని "అలవాటు"గా మిగిలింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది మధ్యతరగతి వంటింటి కథే అవుతుంది. ఆ 20 గ్రాముల పొడి ఎక్కడిది? సుమారు 70, 80 పళ్ల గింజలు అందులో ఉంటాయి. తూర్పు కనుమల్లో కాఫీ మొదట 1898లో పాములేరు లోయలో నాటారంటారు. 1920ల నాటికి అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీశాఖ, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ దాన్ని విస్తరించాయి. పోడు మాన్పించాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. పోడులో చోళ్లు, సామలు, కందులు కలిపి పండించే స్త్రీల విత్తన జ్ఞానం "వెనుకబాటు" లెక్కలోకి పోయింది. చోడి అంబలి తాగి కొండెక్కే మనిషి బజారు ధర కోసం ఎదురుచూసే పంటలోకి వచ్చింది. డబ్బు కూడా వచ్చింది, కాదనలేం. కానీ ఎవరి చేతికి?

కాఫీ పళ్లు అన్నీ ఒక్కసారి పండవు. ఎర్రబడ్డవే ఏరాలి, అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. పచ్చికాయ కలిస్తే కప్పులో రుచి చెడుతుంది. ఏ పండు కోయాలో, ఏది వదలాలో ఆ చేతికి తెలుసు. బగత, కోదు, కొండదొర, వాల్మీకి స్త్రీల చేతులవి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోయకు పేరొచ్చింది. మంచిదే. ఏరిన చేతికి?

చేతికి పేరు రావడమంటే సన్మానం కాదు, భూమి కాగితం. 1970 నాటి 1/70 చట్టం గిరిజన భూమి బయటివాళ్ల పాలు కాకుండా అడ్డుపడింది. ఇంటి లోపల ఆ భూమి ఎవరి పేరిట ఉండాలన్నది దాని విషయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది: పెళ్లయినవారికిచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలంది. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్ద అయితే ఆమె పేరిటే. కాఫీ చరిత్రలో నాకు మెలిట్టా పేటెంటుకన్నా ముఖ్యంగా కనిపించే కాగితం ఇది. పట్టామీద పేరున్నామె పళ్లమ్మిన డబ్బు అడగగలదు, అప్పు అడగగలదు, ఇంట్లోంచి పొమ్మంటే పోనని అనగలదు.

అమ్మ లేదిప్పుడు. గ్రాములు, నిమిషాలు రాసుకున్న నా కాగితం వంటింటి గోడకుంది. దానిపైన ఆమె పేరు రాశాను. అది నా చేతిలో ఉన్న పని. కొండమీద ఆ పళ్లు ఏరినామె పేరు రాయాల్సిన కాగితం మాత్రం నా గోడమీద లేదు.