మైసూరు బండి, సీమ దుమ్ము

జావా బండికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. ఇంజనుకు ఎడమవైపు ముందుకు చాచి ఉండే ఆ రాడ్డును పాదంతో లోపలికి నొక్కి, పైకి తిప్పి, ఒక్క తన్ను తంతే ఇంజను అందుకుంటుంది. వెంటనే దాన్ని మళ్లీ ముందుకు వాల్చితే అదే గేరు రాడ్డు అవుతుంది. ఇంకో విశేషం ఉంది. గేరు మార్చేటప్పుడు చేత్తో క్లచ్చు పట్టకపోయినా, రాడ్డు కదలగానే లోపలున్న ఏర్పాటు క్లచ్చును తానే విడదీస్తుంది. ఇంత తెలివైన పనితనం అరవై ఏళ్ల కిందటే మన ఊళ్ల రోడ్ల మీద తిరిగింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో అరవై దాటినవాళ్లు ఎవరినడిగినా ఆ జంట సైలెన్సర్ల చప్పుడు గుర్తుందంటారు.

ఈ ప్రాంతానికి జావా దగ్గరి చుట్టమే. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైసూరు ఇంకో 150. సంత సరుకైనా, పెళ్లి బట్టలైనా, పెద్దాసుపత్రి అయినా మనవాళ్లకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. బండి పుట్టిన ఊరు కూడా ఆ దారిలోనే ఉంది.

అసలు పుట్టిల్లు మాత్రం చెకొస్లొవాకియా. ప్రాగ్‌లో ఆయుధాల కర్మాగారం నడిపే ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి మోటార్‌సైకిలు హక్కులు కొని ఈ వ్యాపారంలోకి దిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం నాజీల చేతుల్లో ఉండగా, అక్కడి ఇంజనీర్లు రహస్యంగా ఓ 250 సీసీ బండికి రూపం పోశారు. 1946లో అది పెరాక్ పేరుతో బయటికొచ్చింది. వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్ పెట్టి దాన్ని మెరుగుపరిచిన మోడలే 353. మనదాకా వచ్చింది ఇదే.

బొంబాయిలో ఈ బండ్లను దిగుమతి చేసి అమ్మిన ఇరానీ కుటుంబానికి విదేశీ సరుకు మీద ఆంక్షలు అడ్డొచ్చాయి. తెప్పించి అమ్మడానికి వీలు లేకపోతే ఇక్కడే తయారు చేద్దామనుకున్నారు రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ. మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కర్మాగారం లేచింది. అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు, పాత మహారాజు జయచామరాజేంద్ర ఒడెయార్ దానికి అండగా నిలిచారు. 1961లో బండ్లు బయటికి రావడం మొదలైంది. మద్రాసు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ వాళ్లు 1955 నుంచే బుల్లెట్లు బిగిస్తున్నారు. ఉత్తరాన ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ వచ్చింది. దేశంలో మోటార్‌సైకిలంటే దాదాపు ఈ మూడే. 1973 నుంచి మైసూరు బండి యెజ్డీ పేరుతో వచ్చింది.

ఆపైన కథ తొందరగానే ముగిసింది. 1980ల నడిమి నుంచి జపాన్ భాగస్వామ్యంతో 100 సీసీ బండ్లు దిగాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నదే కొనేవాడి మొదటి ప్రశ్న అయింది. రెండు స్ట్రోకుల 250 సీసీ ఇంజను ఆ ప్రశ్న ముందు నిలవలేకపోయింది. పొగ మీద నిబంధనలు బిగిశాయి. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది.

కర్మాగారం పోయినా బండ్లు మిగిలాయి. మన దగ్గర ఎక్కువ మిగలడానికి నాకు తోచిన కారణం ఎండ. కోస్తాలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. వాన మొహం చూడటమే అరుదైన అనంతపురం నేల మీద, వసారాలో గోనెపట్టా కప్పి పెట్టిన బండికి తుప్పు అంత తొందరగా పట్టదు. మడ్‌గార్డు లోపల గోరుతో గీకితే ఎర్రమన్ను రాలుతుంది, దాని కింద ఇనుము గట్టిగానే ఉంటుంది. ఎండ వల్ల నష్టమూ లేకపోలేదు. రబ్బరంతా పెళుసవుతుంది, వైర్ల మీది తొడుగు వేలితో వంచితే చిట్లుతుంది. అందుకే సీమలో దొరికిన పాత బండి ఇనుమును నమ్మొచ్చు, రబ్బరును నమ్మకూడదు.

నా చేతికొచ్చింది మా మేనమామ బండి. ఆయనది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకూ ధర్మవరం మగ్గాలకూ మధ్య ఆయన తిరిగిన తిరుగుడంతా ఆ బండి మీదే. ఇంటి వసారాలో దాన్ని విప్పడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది: ఈ బండి గురించి తెలియాల్సిన సంగతుల్లో సగం ఏ పుస్తకంలోనూ లేవు, షెడ్డుల్లో ఉన్నాయి. హిందూపురంలో యాభై ఏళ్లుగా పానా పట్టిన ఒక ఉస్తాద్ నాకు పెద్ద దిక్కయ్యాడు. నేను ఉత్సాహంగా సిలిండరు చేతబట్టుకుని లేత్ షాపుకు బయలుదేరబోతే ఆపేశాడు.

"యాడికి సార్? ముందు పిస్టన్ తెచ్చుకోండి. బోరు కొట్టించినాంక ఆ సైజు పిస్టన్ దొరకలేదంటే సిలిండరు చెడిపోయినట్లే."

అరిగిన సిలిండరును పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతూ బోరు కొడతారు. ప్రతి మెట్టుకూ దానికి సరిపడే పిస్టన్ కావాలి. కంపెనీ ఉన్న రోజుల్లో అన్ని సైజులూ దుకాణంలో ఉండేవి. ఇప్పుడు ఏది దొరికితే దాని కొలతకు సిలిండరును తేవాలి. అందుకే బెంగళూరు జేసీ రోడ్డులోనో, పాత సామాన్ల గుజిరీలోనో పిస్టన్ చేతికొచ్చాకే లేత్ షాపు మెట్లెక్కాలి.

ఇంట్లో చేసుకోగల పనేది, బయటికి పంపాల్సిందేది అన్న విచక్షణ మొదటి రోజే ఉండాలి. బోరు, క్రాంకు, క్రోమియం పూత, ఈ మూడూ ఇంట్లో అయ్యేవి కావు. జావా క్రాంకును ముక్కలుగా చేసి ప్రెస్సుతో ఒకదాంట్లో ఒకటి దిగగొట్టి ఉంటారు. కనెక్టింగ్ రాడ్డు మార్చాలంటే దాన్ని విడదీసి, మళ్లీ బిగించి, లేత్ మీద తిప్పుతూ డయల్ గేజితో వంకర చూడాలి. చేయి తిరిగినవాడే చేయాల్సిన పని అది. మిగతావన్నీ ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. గాస్కెట్ కావాలంటే దళసరి గాస్కెట్ కాగితాన్ని క్రాంక్‌కేసు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి సన్నగా తట్టుకుంటూ పోతే కాగితం ఆ ఆకారానికే తెగుతుంది. సైలెన్సరు లోపలి గొట్టాలను బయటికి లాగి, కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, నల్లని మసిని కడగాలి. చేతికి తొడుగులూ కళ్లకు అద్దాలూ లేకుండా ఆ పనికి దిగొద్దు. కడిగిన నీళ్లు చెట్లకు పోయొద్దు.

రెండు స్ట్రోకుల ఇంజనులో నేను అన్నిటికంటే ముందు అనుమానించేది ఆయిలు సీళ్లను. ఈ ఇంజనులో పిస్టన్ కింది గది కూడా ఊపిరి పీల్చి వదులుతుంది. పెట్రోలు, గాలి మిశ్రమం మొదట అక్కడికే వచ్చి, అక్కడ ఒత్తుకుని పైకి పోతుంది. క్రాంకు రెండు చివర్లా ఉన్న సీళ్లు ఎండిపోతే ఆ గది గాలి చొరబడే గది అవుతుంది. ఒకవైపు సీలు పోతే బయటి గాలిని పీల్చి ఇంజను వేడెక్కుతుంది. గేరు పెట్టె వైపుది పోతే గేరు ఆయిలు తాగేసి తెల్లటి పొగ కక్కుతుంది. చాలామంది కార్బొరేటరును తిప్పితిప్పి విసిగిపోయి బండిని మూలన పడేసింది ఈ చిన్న రబ్బరు చక్రాల వల్లనే. ఏళ్ల తరబడి కదలని బండిని స్టార్టు చేయాలని తహతహలాడేవారు ముందు సీళ్లు మార్చాలి, స్టార్టు చేయడం తర్వాత.

కాలం సరిచేయడం, అంటే ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పుట్టాలో నిర్ణయించడం, చూడముచ్చటైన పని. ఇంజను కుడివైపు మూత తీస్తే డైనమో, దాని పక్కన పాయింట్లు కనిపిస్తాయి. పాయింట్ల ఎడం 0.4 మిల్లీమీటరు. ఉస్తాద్ సిగరెట్టు కాగితం లాంటి పలచని చింపు ఒకటి ఆ పాయింట్ల మధ్య ఇరికించి, ఎడమచేతి వేళ్లతో దాన్ని మెల్లగా లాగి పట్టుకుంటాడు. ప్లగ్గు తీసిన రంధ్రంలో సన్నని కడ్డీ ఒకటి పిస్టన్ మీద ఆనించి ఉంటుంది. క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతుంటే కాగితం బిగువుగా ఉండి ఉండి ఒక్క క్షణంలో జారి వచ్చేస్తుంది. పాయింట్లు విడిపోయిన క్షణం అదే. అప్పుడు కడ్డీ మీద గుర్తు చూస్తే, పిస్టన్ శిఖరానికి ఇంకా ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో నిప్పు పుడుతోందో తెలిసిపోతుంది. పిసరంత ముందో వెనకో అయితే పాయింట్లు బిగించిన పళ్లెం తిప్పి మళ్లీ కాగితం పెట్టడమే. ఆయన ఈ పని చేస్తున్నంతసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు.

తుప్పు సంగతికొస్తే, హిందూపురానికి తగిన మందు హిందూపురంలోనే ఉంది. మన చింతపండు మార్కెట్టు పేరు దేశమంతటా తెలుసు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి బిందెను మెరిపించినట్టే బోల్టులు, స్పోకు నిపుల్స్ మీది పలచని తుప్పునూ కరిగిస్తుంది. ఓ రాత్రి నానబెట్టి, ఉదయాన్నే కడిగి, తడి లేకుండా తుడిచి, వెంటనే నూనె రాయాలి. ఆలస్యమైతే తుప్పు మళ్లీ పడుతుంది. కార్బొరేటరు జోలికి మాత్రం పులుపు రాకూడదు. దాని లోహం ఆమ్లానికి కరిగిపోతుంది.

పెట్రోలు గురించి ఇంకో మాట. లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలన్నది పాత లెక్క. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది, మిశ్రమాన్ని పలచన చేసి ఇంజనును కాస్త వేడెక్కిస్తుంది. బండిని నెలల తరబడి నిలపాలనుకుంటే టాంకు ఖాళీ చేసి పెట్టడం మేలు. పెట్రోలు కుళాయి వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి.

ఇంతవరకూ చెప్పినవాటి మీద పెద్దగా తగాదా రాదు. తగాదా వచ్చేది రంగు దగ్గర. మా మేనమామ బండి టాంకు మీద పెట్రోలు మూత చుట్టూ మెరూన్ రంగు లేచిపోయింది, మిగతా చోట ఎండకు వెలిసింది. చూసిన ప్రతివాళ్లూ కొత్త రంగు వేయించమన్నారు. నేను వేయించలేదు. హిందూపురానికి కూతవేటు దూరంలో లేపాక్షి ఉంది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి. కొన్ని చోట్ల రంగు రాలిపోయింది. అక్కడ ఎవరైనా కొత్త రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కుతామంటే ఊరుకుంటామా? ఉన్నది రాలకుండా కాపాడతారు, లేనిదాన్ని పుట్టించరు. మైసూరులో చల్లిన రంగు ఇంకా మిగిలున్న టాంకులు రానురాను తగ్గిపోతున్నాయి. ఒకసారి గీకేస్తే ఆ మెరూన్ ఎలాంటిదో, బంగారు గీత ఎంత సన్ననిదో చెప్పే సాక్ష్యం ఉండదు. టాంకు పూర్తిగా కుళ్లిపోయి ఉంటే వేరే సంగతి, అప్పుడు కొత్త రంగు తప్పదు. అప్పుడైనా సీటు కిందో, పనిముట్ల పెట్టె మూత లోపలో పాత రంగు అరచేయంత చోట వదిలిపెట్టమంటాను. అరిగిపోయి తీసేసిన భాగాలనూ పారేయొద్దు. చీటీ కట్టి, ఏ సంవత్సరం తీశారో రాసి, ఓ డబ్బాలో వేసి పెట్టండి. రేపు ఎవరైనా ఆ భాగాన్ని కొత్తగా చేయించాలంటే కొలతలకు అదే ఆధారం.

ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పెనుకొండ అంటే మనకు 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న కోట, గగన్ మహల్. 2019 నుంచి అదే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. వందేళ్ల తర్వాత ఈ ప్రాంతం చరిత్ర రాసేవాళ్లకు ఆ కర్మాగారం తప్పకుండా ఒక అధ్యాయం అవుతుంది. దానికంటే ముందు ఇక్కడి మనుషుల ప్రయాణాన్ని మార్చిన యంత్రాలకూ ఓ అధ్యాయం ఉండాలి. ఎద్దుల బండి నుంచి ఒక్కసారిగా ఇంజను మీదికెక్కిన తరం అది. వాళ్ల గురించి శాసనాలు లేవు. వాళ్లు తొక్కిన బండ్లున్నాయి, వాటిని బాగుచేసిన చేతులున్నాయి. ఆ చేతులకు వయసు మీరుతోంది. షెడ్డుల్లో ఇప్పుడు నేర్చుకునే కుర్రాళ్లు కంప్యూటరు తగిలించి లోపం చదవడం నేర్చుకుంటున్నారు, కాగితంతో కాలం కట్టడం కాదు. బండి బాగుచేయించుకునేవాళ్లు పని జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని, ఉస్తాద్ ఏం చేశాడో, ఎందుకు చేశాడో రాసుకుంటే చాలు, అది చరిత్ర రచనే. ఫోనులో వీడియో తీసుకున్నా సరే. ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ అభిమానులు చాలా నగరాల్లో బండ్లతో కలుస్తారు. అక్కడ అందరూ ఒకరి బండిని ఒకరు మెచ్చుకుంటారు. అక్కడికి ఇలాంటి నోటు పుస్తకాలు కూడా పట్టుకొస్తే ఇంకెంత బాగుంటుందో.

చట్టం సంగతి చెప్పి ఆపుతాను, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. 15 ఏళ్లు దాటిన సొంత బండి ఆర్సీని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇది కాక 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న బండ్లకే అవి వర్తిస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో మాత్రమే రోడ్డెక్కాలి. పాత రిజిస్ట్రేషను సజావుగా ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. సంతకు, పెళ్లికి, పక్క ఊరికి తిరగాలనుకునేవాళ్లకు మామూలు ఆర్సీ పునరుద్ధరణే మంచిదని నా అభిప్రాయం.

ఏ దారి పట్టినా ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. రంగు వేసేవాళ్లు గ్రైండరు పట్టి ఆ అంకెలను చదును చేసేస్తే ఇంత శ్రమా రవాణా కార్యాలయం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అందుకే బండి విప్పే ముందు, పానా పట్టక ముందే, ఆ రెండు నంబర్ల మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ కాగితం మీద తేదీ వేసి ఆర్సీతో కలిపి ఉంచుకోండి.