బనగానపల్లె సంస్థానం: సనదు, సాక్ష్యం, కథ

విషయ ప్రవేశం

తెలుగు సాహిత్య చరిత్రలో ‘సంస్థానం’ అనగానే విజయనగరం, పిఠాపురం, వేంకటగిరి, గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు పేర్లు స్ఫురిస్తాయి. ప్రభువు పోషకుడు, కవి ఆశ్రితుడు, ఆ సంబంధానికి గుర్తు కృతి సమర్పణ: ఈ చట్రంలోనే సంస్థాన సాహిత్య పరిశీలన ప్రధానంగా సాగింది. ఈ రంగంలో దారి వేసిన తూమాటి దోణప్పగారి పరిశోధన శీర్షికలోనే సంస్థానాలకూ సాహిత్య పోషణకూ ఉన్న ముడి కనిపిస్తుంది. ఆ దృష్టి ఎంతో విలువైన సామగ్రిని వెలికి తెచ్చింది. అయితే ఆస్థాన కవులు లేదా అంకిత కృతుల ద్వారా ప్రసిద్ధి పొందని సంస్థానానికి ఆ చట్రంలో చోటు దొరకదు. బనగానపల్లె అటువంటిది. ఆ సంస్థానానికి సంబంధించిన తెలుగు వాఙ్మయాన్ని దర్బారులో కాక గుహలోను, గుడిలోను వెతకాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పేరుకు సంస్థానం, హోదాకు రాజ్యం

వ్యవహారంలో ‘సంస్థానం’ అన్న మాట జమీందారీకీ, దేశీయ రాజ్యానికీ సమానంగా వర్తించింది. పాలనాపరంగా రెండూ ఒకటి కావు. విజయనగరం, పిఠాపురం, వేంకటగిరి 1802 శాశ్వత శిస్తు నిర్ణయం పరిధిలోని జమీందారీలు. గద్వాల, వనపర్తి వంటివి నిజాం రాజ్యంలో అంతర్భాగాలు. మద్రాసు ప్రభుత్వం రాజకీయ సంబంధాలు నెరపిన దేశీయ రాజ్యాలు అయిదు: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు, బనగానపల్లె. వీటిలో తెలుగు సీమకు చెందినది బనగానపల్లె ఒక్కటే.

దాని విస్తీర్ణం 300 చదరపు మైళ్లకు మించదు. 1901లో జనాభా సుమారు 32,000. చుట్టూ కర్నూలు జిల్లా గ్రామాలు. పాలకులు షియా మతస్థులు, ప్రజలలో అధికులు తెలుగువారు. ఇంత చిన్న రాజ్యాధిపతికి 9 ఫిరంగుల గౌరవ వందనం ఉండేది. సాహిత్య చరిత్రలో సంస్థానాలుగా స్థిరపడినవి జమీందారీలు కావడం, రాజ్యహోదా గలది ఆ చరిత్రలో ప్రస్తావనకు దూరంగా ఉండడం గమనించదగ్గ వైచిత్రి.

సనదుల చరిత్ర

సంస్థాన వృత్తాంతం ప్రకారం 1601లో ఇక్కడి కోట నంద చక్రవర్తి నుంచి బీజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. 1665 వరకు వారి సేనాని సిద్దూ సుంబల్ చేతిలో ఉండి, పిమ్మట జాగీరుగా ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు దక్కింది. 1686లో ఔరంగజేబు బీజాపూరును జయించినా జాగీరు కుటుంబం చేజారలేదు. తరువాత హైదరాబాదు, మైసూరు రాజ్యాల పోరులో నలిగి, 1800లో దత్తమండలాలు కంపెనీకి సంక్రమించడంతో బ్రిటిష్ ఛత్రం కిందికి వచ్చింది.

ఆ తరువాతి శతాబ్దమంతా అధికారాన్ని కోల్పోవడం, తిరిగి పొందడంతోనే గడిచింది. దుష్పరిపాలన కారణంగా 1832 నుంచి 1848 వరకు మద్రాసు ప్రభుత్వమే పాలనను చేపట్టింది. 1862లో ముస్లిం న్యాయం ప్రకారం వారసత్వాన్ని గుర్తిస్తూ సనదు వచ్చింది. 1876లో ‘నవాబు’ బిరుదు లభించింది. 1905లో ఆర్థిక అవ్యవస్థ వల్ల మరికొన్ని నెలలు పాలన చేజారింది. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది. నేడది నంద్యాల జిల్లాలోని పట్టణం.

ఈ చరిత్రలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ నేల ఎవరిది, అందుకు ప్రమాణమేమిటి? పాలకులు సనదు చూపి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకొన్నారు. అదే ప్రశ్న ఈ ప్రాంతపు కథలలోనూ వినిపిస్తుంది.

నందవరం: సాక్ష్యం చెప్పిన దేవత

బనగానపల్లె మండలంలోని నందవరం చౌడేశ్వరీ క్షేత్రం. అక్కడి స్థలపురాణంలో నందరాజు దివ్య పాదుకల మహిమతో నిత్యం కాశికి వెళ్లి గంగాస్నానం చేసి వస్తుంటాడు. ఒకనాడు భార్యతో వెళ్లి తిరిగి రాలేని స్థితిలో చిక్కుకోగా కాశీ బ్రాహ్మణులు తమ తపశ్శక్తితో ఆదుకొంటారు. ప్రతిగా రాజు భూమి ఇస్తానని మాట ఇస్తాడు. కరవు వచ్చి వారు నందవరం చేరి మాట గుర్తుచేస్తే, సాక్ష్యం ఏదని అడుగుతాడు. అప్పుడు కాశీలోని అమ్మవారు సొరంగ మార్గాన వచ్చి సాక్ష్యం చెబుతుంది. రాజు తలవంచి భూదానం చేస్తాడు. నందవరీక బ్రాహ్మణులు తమ శాఖ పేరును ఈ గాథకు ముడిపెట్టుకొంటారు. తొగట నేతవారికీ చౌడేశ్వరి కులదేవత.

ఈ కథను మహిమాగాథగా మాత్రమే చదివితే దాని కేంద్రం జారిపోతుంది. ఇక్కడి వివాదం భూమిది. పత్రం లేని దానం నిలుస్తుందా అన్నది కథలోని ధర్మసందేహం. సనదు లేని చోట దేవతే సనదు అయింది. సంస్థాన వృత్తాంతంలో కోటను కోల్పోయిన రాజు పేరు, పురాణంలో మాట తప్పబోయిన రాజు పేరు ఒకటే కావడం కూడా ఉపేక్షించదగినది కాదు. కాలక్రమంలో ఆ ఇద్దరినీ ఒకరిగా నిరూపించలేం. కానీ ఈ ప్రాంతపు స్మృతి తన పూర్వ ప్రభుత్వానికి పెట్టుకొన్న పేరు ‘నంద’ అని చెప్పవచ్చు.

రవ్వలకొండ: గుహలోని గ్రంథం

సంప్రదాయం ప్రకారం పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉంటూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానాన్ని తాళపత్రాలపై రచించారు. ‘రవ్వ’ శబ్దానికి వజ్రమనే అర్థం ఉంది. బనగానపల్లె పరిసరాలు వజ్రపు తవ్వకాలకు ప్రసిద్ధమైనవి. 1872లో వెలువడిన విలియం కింగ్ భూగర్భ వివరణలో ఇక్కడి రాతిపొరకు ఈ ఊరి పేరే స్థిరపడింది. కొండ పేరులో గని స్మృతి ఉందని భావించడం అసంగతం కాదు. పాలకులకు వజ్రాలు ఇచ్చిన సీమ తెలుగు ప్రజలకు కాలజ్ఞానాన్ని ఇచ్చింది.

నవాబు వీరబ్రహ్మాన్ని పరీక్షించిన కథ జనంలో బాగా ప్రచారంలో ఉంది. గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పంపితే అది పూలుగా మారిందని, విస్మితుడైన నవాబు మఠ పోషణకు భూమి ఇచ్చాడని చెబుతారు. పాలకులకు ఆ బిరుదు 1876లో వచ్చింది గనుక కథ ఆ తరువాతిదే అనడం తొందరపాటు. పొరుగున కడప, కర్నూలు నవాబుల పాలన సాగిన సీమలో ముస్లిం ప్రభువును జనం ఆ మాటతో పిలవడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు.

నిర్మాణ దృష్టితో చూస్తే ఇది నందవరం కథకు సన్నిహితం. రెండింటా ప్రభువు ప్రమాణం అడుగుతాడు, అలౌకిక సాక్ష్యం ఎదురవుతుంది, చివర భూదానం జరుగుతుంది. మతాలు వేరు, నాయకులు వేరు, కథాసూత్రం ఒకటే. ఈ నేలపై ప్రభువుకున్న హక్కు పైవారి సనదు మీద ఆధారపడినట్లే, ప్రజల దృష్టిలో ఆయన న్యాయం సాక్ష్యానికి తలవంచడం మీద ఆధారపడింది.

ముగింపు

ఆస్థాన సాహిత్యంలో ప్రభువు దాత, కవి గ్రహీత. బనగానపల్లె కథలలో ప్రభువు మొదట శంకించేవాడు, చివరకు ఒప్పుకొనేవాడు. ఇది పోషణ సాహిత్యం కాదు, ప్రభుత్వాన్ని విచారణకు నిలబెట్టిన సాహిత్యం. సంస్థాన వాఙ్మయమంటే ప్రభువు ఖర్చుతో పుట్టినది మాత్రమే అనుకొంటే ఇటువంటి కథలు ‘జానపదం’ విభాగంలోకి వెళ్లిపోతాయి, సంస్థానమేమో సాహిత్యం లేనిదిగా మిగిలిపోతుంది. ఈ విభజన వల్ల రెండు అధ్యయనాలకూ నష్టమే.

నేడు బనగానపల్లె పేరు లోకానికి తెలిసింది మామిడి పండు వల్ల. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పండుకే ఉన్న మరో పేరు ‘బేనిషాన్’, మచ్చ లేనిది అని అర్థం చెప్పే పారసీక పదం. తెలుగు ఊరి పేరు, దర్బారు భాషలోని మాట ఒకే పండుకు పేర్లుగా నిలిచాయి. సంస్థానాన్ని చదవవలసిన తీరును కూడా ఈ జంట పేర్లు సూచిస్తాయి. ఒకవైపు సనదులు, మరొకవైపు స్థలపురాణాలు, మఠ గాథలు పెట్టుకొని, భూమి అనే సమాన విషయం ఆధారంగా వాటిని కలిపి చదవాలి. ఆస్థాన కవుల పట్టికలో చోటు దక్కని చిన్న సంస్థానాలకు తెలుగు సాహిత్య చరిత్రలో స్థానం కల్పించడానికి ఈ పద్ధతి తోడ్పడుతుంది.