వాక్చౌర్యము - సాక్షివిచారము

ఒకరు వ్రాసినదానిని వేఱొకరు తమ పేర ప్రకటించుకొనుట నేడు మిక్కిలి సులభమైనది. తాళపత్రమునుండి ప్రతి వ్రాసికొను కాలమున చోరునకు గూడ కొంత శ్రమ యుండెను. అంతర్జాలమున ఆ శ్రమయు లేదు. ఉదయమున ప్రకటితమైన వ్యాసము సాయంకాలమునకు కర్తృనామము మాఱి మఱియొకచోట కనబడవచ్చును. ఇట్లు తన రచనను పోగొట్టుకొన్నవానికి మొదట ఆగ్రహము కలుగును. పిమ్మట, ఇది నాదియేయని నేనెట్లు నిరూపింతునను ప్రశ్న పుట్టును. ఈ రెండవ ప్రశ్న క్రొత్తది గాదు. మన ఆలంకారికులును, కవులును, లేఖకులును వేయేండ్లుగా దీని నెదుర్కొనుచునే యున్నారు. వారు కనిపెట్టిన ఉపాయముల చరిత్రను స్థూలముగా పరిశీలించి, అందు నేటి పరిశోధకునకు ఉపకరించు అంశమెయ్యదియో నిర్ణయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. పూర్వుల సొమ్మును వాడుకొనుట యెల్ల చౌర్యము గాదు. నన్నయ భారతమును తెనిగించుచు వ్యాసుని మఱుగుపఱుపలేదు. నైషధమును తెనిగించిన శ్రీనాథుడు శ్రీహర్షుని పేరు దాచలేదు. మన ప్రబంధములలో అవతారికయందు పూర్వకవిస్తుతి యొక అంగముగా నిలిచినది. దానిని కేవలము మర్యాదగా గాక ఋణాంగీకారముగా గూడ చదువవలెనని మా అభిప్రాయము. ఎఱ్ఱాప్రగడ ఇంకొకయడుగు ముందుకు వేసినాడు. అరణ్యపర్వశేషమును తాను పూరించియు, అది నన్నయ రచనయే యనునట్లుగా రాజరాజునకే అంకితము చేసినాడు. పరుల కృతిని తన పేర నిలుపుకొనువాడు చోరుడైనచో, తన కృతిని పరుని పేర నిలిపిన ఈ మహనీయుడు చౌర్యమునకు సరిగా ఎదురుదిక్కున నిలిచినవాడు. కావున దోషము గ్రహణమునందు గాక, గ్రహించిన సంగతిని దాచుటయందే యున్నది.

ఈ దాచుటనే బాణభట్టు నిందించినాడు. హర్షుని ఆస్థానమునందలి యీ కవి (ఏడవ శతాబ్ది) హర్షచరితప్రారంభమునందు, అక్షరములను మార్చి, రచనాబంధము గుర్తులను కప్పిపుచ్చు కవి ఎవ్వరును చెప్పకయే సజ్జనుల నడుమ దొంగగా తేలిపోవునని శ్లేషతో సూచించెను. వేషము మార్చి, సంకెలగుర్తులను దాచికొను దొంగ అందు ఉపమానము. ఇచ్చట బాణుడు రాజదండనమును గాని, ధర్మశాస్త్రమును గాని స్మరింపలేదు. పట్టుకొనువారు సజ్జనులు, అనగా మూలమెఱిగిన పాఠకులు. ఈ సూచన మున్ముందు మనకు అక్కఱకు వచ్చును.

విషయమును శాస్త్రముగా విచారించినవారిలో ఆనందవర్ధనుడును రాజశేఖరుడును ముఖ్యులు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున, ఇద్దఱు కవుల రచనలలోని పోలికను ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఇద్దఱు మనుష్యుల నడుమ పోలికవంటిది అని మూడు విధములుగా విభజించి, మొదటి రెండింటిని విడువదగినవనియు, మూడవది దోషము గాదనియు నిర్ణయించెను. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు ఈ విచారమునకు మూడధ్యాయములు (11-13) కేటాయించెను. బరోడాలో గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలకు ప్రథమసంపుటముగా 1916లో ఈ గ్రంథము వెలువడినది. ఆయన హరణమును శబ్దహరణమనియు అర్థహరణమనియు విభజించి, శబ్దహరణమును పదము, పాదము, అర్ధము, వృత్తము, ప్రబంధము అను ప్రమాణములనుబట్టి అయిదు తెగలు చేసెను. వెలయిచ్చి కవిత్వమును కొనుటయు హరణమే యనియు, అపకీర్తికంటె కీర్తి లేకుండుటయే మేలనియు చెప్పెను. కాలము గడచినకొలది తక్కిన దొంగతనములు మాసిపోవునుగాని, వాక్చౌర్యము కొడుకుల కాలమునను మనుమల కాలమునను మాయదని పెద్దల మాటగా ఉదాహరించెను. అయినను ఆయన లోకజ్ఞుడు. చౌర్యమంటని కవియు వర్తకుడును లేరని ఒప్పుకొని, కవులను ఉత్పాదకుడు, పరివర్తకుడు, ఆచ్ఛాదకుడు, సంవర్గకుడు అని నాలుగు తెగలుగా చూపెను.

ఈ ప్రకరణమునందే అవంతిసుందరి మతము గలదు. ఈమె రాజశేఖరుని భార్య. ఆయన గౌరవముతో ఉదాహరించిన విదుషి. పరుల మాటను తీసికొనువాడు తనకు తాను చెప్పుకొను సమాధానములను ఆమె వరుసగా లెక్కించినది. వాడు అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుడను, వానికి ప్రతిష్ఠ లేదు, నాకు గలదు, వాని మాట తిప్పతీగ, నా మాట ద్రాక్ష, దీని నెఱిగినవారు గతించిరి, దీని కర్త దూరదేశమువాడు, దీని మూలగ్రంథము నశించినది, ఇది అన్యభాషలోనిది. ఇట్టి కారణములున్నచో హరణమునకు పూనుకొనవచ్చునని ఆమె అన్నట్లు గ్రంథమునందున్నది. దీనిని అనుమతిగా చదివినను, ఎత్తిపొడుపుగా చదివినను, మనకు తేలు సంగతి యొక్కటే. చోరుడు ఎవరిని ఎన్నుకొనునో ఈ పట్టిక తెల్పుచున్నది. పేరులేనివాడు, అండలేనివాడు, దూరముననున్నవాడు, మృతుడు, వేఱుభాషవాడు - వీరే వాని పాలబడువారు. ఇందఱకును సామాన్యముగా లేనిది సాక్షి. నేటి విశ్వవిద్యాలయములలో పేరువడసిన పెద్దవాని చేతిలో తన పరిశోధనను పోగొట్టుకొను విద్యార్థి స్థితియు ఇదియే. మొదటి రెండు సమాధానములు వానికి సరిగా వర్తించును.

సాక్షిని గూర్చి రాజశేఖరుడు స్పష్టముగానే చెప్పినాడు. కావ్యమీమాంస పదియవ అధ్యాయమున కవిచర్యను వర్ణించుచు, క్రొత్తరచనను ఒంటరిగా నున్న ఒక్కని యెదుట చదువరాదని హెచ్చరించెను. వాడు అది తనదే యన్నచో ఏ సాక్షితో వానిని గెలువగలమని ఆయన ప్రశ్న. మఱియు, ముగిసిన ప్రబంధమును అనేకప్రతులుగా వ్రాయింపవలెనని విధించి, గ్రంథములు నశించుటకు కారణములుగా పరుల యొద్ద దాచుట, అమ్ముట, దానము, దేశత్యాగము, అల్పాయువు, శిథిలత, అగ్ని, జలము అను ఎనిమిదింటిని పేర్కొనెను. పెక్కండ్ర యెదుట చదువుట, పెక్కు ప్రతులు చేయుట - ఈ రెండు నియమములే రచనారక్షణకు పునాదులు. తరువాత వచ్చిన ఉపాయములన్నియు వీనికి రూపాంతరములేయని మేము తలంచుచున్నాము.

కల్యాణి చాళుక్యచక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని (1076-1126) ఆస్థానమున నుండిన బిల్హణుడు వేఱొక మార్గమును సూచించెను. విక్రమాంకదేవచరితమున మొదటి సర్గమునందు ప్రక్కప్రక్కన నున్న రెండు శ్లోకములలో రెండు భిన్నభావములు గలవు. సాహిత్యసముద్రమును చిలుకగా పుట్టిన అమృతమును కావ్యార్థచోరులు దైత్యులవలె దోచుటకు సిద్ధపడుచున్నారు, కాపాడుకొనుడని కవులను ముందు హెచ్చరించును. వెంటనే, కావలసినంత కొనిపోనిండు, వేల్పులు ఎన్ని రత్నములు తీసికొన్నను సముద్రుడు నేటికిని రత్నాకరుడే యని ఊఱడించును. ఈ రెండవ మాట ఔదార్యము గలది. కాని అది సముద్రమువంటివానికి చెల్లును. చక్రవర్తియే సాక్షిగా నున్న విద్యాపతికి నాలుగు రత్నములు పోయినను లోటు లేదు. ఒక్క వ్యాసమే సంపదగా గల విద్యార్థికి ఆ మాట ఓదార్పు గాజాలదు. వానికి వర్తించునది మొదటి శ్లోకమే.

తెలుగుకవులు సాక్షిని గ్రంథములోపలనే నిలిపిరి. ఆశ్వాసాంతగద్యము అట్టిది. కవి తన పేరును, పెక్కుచోట్ల తండ్రి పేరును, గ్రంథనామమును ప్రతి ఆశ్వాసము చివరను చెప్పుకొనుటవలన, గ్రంథము ముక్కలైనను కర్త నశింపడు. పోతన భాగవతమున పంచమస్కంధము గంగనదనియు, షష్ఠము ఏర్చూరి సింగనదనియు, ఏకాదశద్వాదశములు వెలిగందల నారయవనియు మనకు తెలియుటకు స్కంధాంతగద్యములే ఆధారము. మహాకావ్యమున చేరియు వారి పేర్లు దానిలో కరగిపోలేదు. ఇందుకు భిన్నముగా, గోన బుద్ధారెడ్డి తండ్రి పేర చెప్పిన రామాయణము రంగనాథరామాయణమని వ్యవహృతమగుటచే దాని కర్తృత్వమును గూర్చి పండితులు చిరకాలము వాదములాడవలసివచ్చెను.

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408-1503) విషయము మఱింత విశేషము గలది. ఒకరు చెప్పినదానికి ప్రతిచెప్పబోవువారిని ఆయన ఒక సంకీర్తనమున తీవ్రముగా మందలించెను. ఒకరు ముడిచి విడిచిన పువ్వును, ఒకరు తిని విడిచిన విస్తరిని దృష్టాంతములుగా చూపి, అట్టి పాట శ్రీహరికి తగదని నిర్ణయించెను. ఆయన సంకీర్తనములు పిమ్మట రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భాండారమునందు నిలిచినవి. ఆధ్యాత్మసంకీర్తనల రేకు మొదట శాలివాహనశకము 1346 క్రోధి సంవత్సరము మొదలు 1424 దుందుభి సంవత్సరము ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు అన్నమాచార్యులు విన్నపముచేసిన సంకీర్తనలివి యని చెక్కియున్నది. కర్త, అంకితము, ఆద్యంతకాలములు - నాలుగును అందు గలవు. నేటి న్యాయస్థానము కోరు ఆధారములును ఇంతకంటె భిన్నములు గావు. ఆ రేకులు శతాబ్దములు కంటబడకున్నను సాక్ష్యము చెడలేదు.

అయితే ముద్రకు బలహీనతయు గలదు. పేరు ప్రసిద్ధమైనకొలది దాని నీడను ఇతరులు చేరుదురు. వేమన మకుటముతో, క్షేత్రయ్య ముద్రతో ఇతరులు చెప్పిన రచనలు కలసిపోవుట ప్రసిద్ధము. బ్రౌనుదొర 1829లో వేమనపద్యములను ముద్రించిననాటినుండి నేటివఱకు ఏవి అసలు, ఏవి కల్పితములు అను విచారము ముగియలేదు. చౌర్యమునందు పేరు పోవును, సొత్తు నిలుచును; ఇచ్చట పేరు నిలిచి సొత్తు మాఱును. రెండింటివలనను నష్టపడునది సాహిత్యచరిత్రయే. తప్పుడుపేరుపై కట్టిన కాలనిర్ణయమును, శైలీవిచారమును తరువాతివారు కూల్చి మరల కట్టవలసివచ్చును. కావున ఇది కర్త కీర్తికి మాత్రమే సంబంధించిన వ్యవహారము గాదు.

ముద్రణయుగమున సాక్షి ప్రభుత్వకార్యాలయమునకు మాఱినది. 1847 నాటి చట్టము గ్రంథస్వామ్యమును ఈ దేశమున స్థాపించెను. 1867 నాటి ముద్రణాలయ, గ్రంథముల నమోదు చట్టము ప్రతిగ్రంథమునకు పట్టికయందు స్థానము కల్పించెను. పుస్తకములపై సర్వస్వామ్య సంకలితమను మాట వాడుకకు వచ్చెను. 1914 నాటి చట్టము పిదప 1957 నాటి గ్రంథస్వామ్యచట్టము వచ్చి, 1958 జనవరి 21 నుండి అమలులోనున్నది. దీని ప్రకారము రచన వెలసినంతనే హక్కు కలుగును. నమోదు కేవలము సాక్ష్యమునకు. కర్త మరణానంతరము ఏబదియేండ్లుగా నున్న హక్కుకాలమును 1992లో అఱువదియేండ్లకు పెంచిరి. 57వ సెక్షను మాకు ముఖ్యముగా తోచుచున్నది. స్వామ్యమును అమ్ముకొన్నను, ఇది నా రచనయని చెప్పుకొను హక్కు కర్తను విడువదని అది చెప్పుచున్నది. సొత్తు వేఱు, పేరు వేఱు అను భేదమును చట్టమును ఇట్లు అంగీకరించినది.

చట్టమునకు మేరయు గలదు. ఒక నాటకకర్త తన నాటకమును చలనచిత్రముగా తీసికొనిరని తెచ్చిన అభియోగమున, 1978లో సుప్రీంకోర్టు భావమునకు స్వామ్యము లేదనియు, దానిని చెప్పిన తీరునకే కలదనియు నిర్ణయించెను. రెంటిని చూచినవానికి రెండవది మొదటిదాని నకలే యని నిస్సంశయముగా తోచవలెను. ఆ వ్యాజ్యము నెగ్గలేదు. అనగా ప్రతిబింబకల్పము దండ్యము, అర్థహరణము ప్రాయికముగా దండ్యము గాదు. విశ్వవిద్యాలయముల ధనసహాయసంఘము 2018లో చేసిన నిబంధనలును ఇట్టివే. పోలిక నూటికి పదివఱకు దండనము లేదు. పది దాటి నలువదివఱకు, నలువది దాటి అఱువదివఱకు, అంతకు మించి అని మూడంతరువులు గలవు. సిద్ధాంతగ్రంథమునందు అఱువది మించినచో నమోదు రద్దగును. ఈ లెక్క ముఖ్యముగా మాటల పోలికను కొలుచునది. వేఱుభాషలోనికి మార్చిన అర్థహరణమును గుర్తించుటకు ఆ రెండు భాషలు నెఱిగిన చదువరియే కావలెను. బాణుడు చెప్పిన సజ్జనుని అవసరము ఇంకను తీఱలేదు.

ఈ చరిత్రనుండి నేటి లేఖకుడు గ్రహింపవలసిన క్రమము స్పష్టము. వ్రాయుచున్నప్పుడే తేదీలు గల చిత్తుప్రతులను నిలుపుకొనవలెను. ప్రకటనమునకు ముందు ఒక్కరికి గాక ఇద్దఱుముగ్గురికి చూపవలెను. చౌర్యము కంటబడినచో, చోరుని హెచ్చరించుటకు ముందు ఆ నకలును తేదీతోసహా భద్రపఱుపవలెను. హెచ్చరిక చేరినంతనే అది మాయము కావచ్చును. పిమ్మట మూలమును నకలును ప్రక్కప్రక్కన వ్రాసి సంపాదకునకు పంపవలెను. నకలు విశ్వవిద్యాలయపరిధిలోనిదైనచో శాఖాసమితికిని, తరువాత సంస్థాసమితికిని నివేదింపవలెను. అంతర్జాలమున నకలును నిలువచేయు సంస్థకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుటకు 2013 నాటి గ్రంథస్వామ్యనిబంధనలలో 75వది వీలు కల్పించినది. ఆ ఫిర్యాదు అందిన ముప్పదియాఱు గంటలలో సంస్థ నకలు కనబడకుండ చేయవలెను. ఇరువదియొక్క దినములలో న్యాయస్థానపుటుత్తరువు తేకున్నచో దానిని మరల తెఱువవచ్చును. ఫిర్యాదునందు, రచన తనదేయను ఆధారమును గూడ చూపవలెను. రాజశేఖరుడు అడిగిన ప్రశ్నయే ఇచ్చటను ఎదురగును.

కర్త తనంత తాను చేయగల పని ఇంతవఱకే. తక్కినది పండితలోకముపై నున్నది. అప్రసిద్ధుని మాట ప్రసిద్ధుని గ్రంథమున కనబడినపుడు, దానిని ముందు ఎఱిగినవాడు మౌనము వహించినచో అవంతిసుందరి పట్టికలోని మొదటి సమాధానము నెగ్గును. విద్యార్థి అధస్సూచికలో ఒక పేరు వ్రాయుట, ఉపాధ్యాయుడు తన వ్యాసమున శిష్యుని పరిశోధనను పేరుతో స్మరించుట, పరీక్షకుడు మూలమును తెఱచిచూచుట - ఇవి చిన్నపనులుగా కనబడును. కాని గద్యమును, రాగిరేకును, నమోదుపట్టికయు చేసినపని ఇదియే. సాక్షిగా నిలుచుట పాఠకుని ధర్మము. ఆ ధర్మము తప్పినచోట చట్టమొక్కటియే రచనను కాపాడజాలదు.